కారును నేలకు దించు స్ప్రింగులు

వేగముగా పోవుటకే పుట్టినదని పేరుపడిన చిన్నకారును, కొన్నేండ్ల జీతమునుండి మిగిల్చి, చాలనిదానికి బ్యాంకువారి నెలవాయిదాలకు తలయొగ్గి కొని తెచ్చుకొనిన యువకునకు, ఆ కొత్త వాసన పోకమునుపే దానిలో ఒక లోపము కనబడనారంభించును. టైరు నెత్తికిని దానిపై వంగియున్న రేకు అంచునకును నడుమ నాలుగు వ్రేళ్లు సునాయాసముగా దూరునంత సందు కలదు. విదేశపు చిత్రములలో అదే కారు నేలను కరచుకొని నిలిచియుండగా, మన వీధిలోని కారు బురదదారిలో పంచె యెగగట్టుకొని నడచు మనిషివలె కాళ్లపై లేచి నిలిచియుండును. ఆ సందును చూచి చూచి సహింపలేక, ఒకనాడతడు నాలుగు కొత్త స్ప్రింగులను తెప్పించి, ఒక పూటలో వేయించి, సాయంకాలమునకు కారు చుట్టు రెండుసార్లు తిరిగి చూచుకొని, తన కొనుగోలు ఇప్పటికి సంపూర్ణమైనదని సంతోషించును.

ఈ సంతోషమును వెక్కిరించుటకు నేను కలము పట్టలేదు. యంత్రముపై మమకారము మంచి గుణము. తన బండి ఏ కారణమున ఎట్లు నడచుచున్నదో తెలిసికొనగోరు యువకుడు, తాళము తిప్పుటయు పెట్రోలు పోయించుటయు తప్ప మరేమియు నెరుగనివానికంటె జాగరూకుడైన డ్రైవరగుటను నేను పలుమార్లు చూచితిని. కారును కొంత దించు స్ప్రింగులు వేయించుట స్వభావముచేతనే దోషమనియు నేను చెప్పను. కాని కారు క్రింది నిర్మాణములో స్ప్రింగు ఒంటరిది కాదు. దానిని మాత్రము మార్చి తక్కిన అంగములను యథాతథముగా విడిచిపెట్టుట సగము పనియనియు, ఆ సగము పనికిని నిండు పనికిని భేదము తేల్చు పరీక్షను ఏర్పరుపక అన్నింటిని ఒక్కగాటను కట్టి నిషేధించిన మన శాసనపద్ధతి, ఆ దోషమును అరికట్టుటకు బదులు చాటుకు నెట్టినదనియు నా అభిప్రాయము.

మాట నిలుకడగా సాగుటకు ఒక కారును ఉదాహరణముగా గైకొందము. ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ మన దేశములో 2013లో వచ్చినది. 1.2 లీటర్ల టర్బో పెట్రోలు ఇంజను, 105 అశ్వశక్తి, ఏడు గేర్ల జంటక్లచ్ పెట్టె, ఇవన్నియు అంత చిన్నకారులో కూడియుండుట ఆనాడు అరుదగుటచేత, యువకులకు దానిపై మనసు పడినది. 2022లో పోలో తయారీ ఇక్కడ ఆగిపోయినను, వాడిన బండ్ల బజారులో వెదకి వెదకి దానినే కొని, కొనిన వెంటనే ఏ మార్పులు చేయింతుమా యని ఆలోచించువారు నేటికిని కలరు. దాని ముందు చక్రములకు మెక్‌ఫర్సన్ స్ట్రట్టును, వెనుక చక్రములకు ఆ రెంటిని కలుపుచు అవసరమైనప్పుడు మెలితిరుగు దూలమును అమర్చినారు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికను ఇంజనీరు రూపొందించి, 1950 ప్రాంతమున బ్రిటిష్ ఫోర్డు కార్లతో ప్రసిద్ధికెక్కిన ఈ స్ట్రట్టు, స్ప్రింగును షాకబ్జరును ఒకే నిలువు స్తంభముగా కూర్చిన ఏర్పాటు. చౌకయు, తేలికయు, తక్కువ చోటు పట్టునదియు నగుటచేత నేటి చిన్నకార్లలో అత్యధికభాగము దీనినే ధరించియున్నవి. కనుక పోలోను గూర్చి చెప్పునదంతయు తక్కిన చిన్నకార్లకును చాలవరకు వర్తించును.

మన పోలో పొట్ట నేలకు సుమారు 165 మిల్లీమీటర్ల ఎత్తున నుండును. సంతలో దొరకు స్ప్రింగులు దానిని సామాన్యముగా 25 మొదలు 40 మిల్లీమీటర్ల వరకు దించును. 30 అని లెక్కవేసికొందము. మిగిలినది 135. నలుగురు మనుష్యులు ఎక్కి, వెనుక రెండు పెట్టెలు పెట్టిన యెడల మరి రెండు మూడు సెంటీమీటర్లు క్రుంగును. ఇక మన దారులను చూడుడు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ప్రమాణము ప్రకారము, బండ్లు గంటకు 25 కిలోమీటర్ల వేగమున దాటునట్లు కట్టవలసిన స్పీడు బ్రేకరునకు 3.7 మీటర్ల వెడల్పును, 10 సెంటీమీటర్ల ఎత్తును ఉండవలెను. అట్లు కట్టినదానిపై, ముందు వెనుక చక్రముల నడుమ రెండున్నర మీటర్ల దూరము గల కారు సరిగా మధ్యకు వచ్చినప్పుడు, నాలుగు చక్రములును ఆ గుబ్బ వాలులమీదనే నిలిచియుండును గనుక, చక్రముల మట్టమునకు పైన శిఖరము ఐదు సెంటీమీటర్లైనను ఉండదు. దించిన కారు దానిని నవ్వుచు దాటిపోవును. కాని మన కాలనీలలో ఎవరింటి ముందు వారు, మిగిలిన కంకరతోనో సిమెంటుతోనో ఒక రాత్రిలో పోసికొనిన గట్టు అర మీటరు వెడల్పు మాత్రమే కలిగి నిటారుగా లేచియుండును. దాని ఎత్తంతయు కారు పొట్టకు ఎదురు వచ్చును. కారు తయారుచేసినవారు మన దేశపు బండిని కొంత పైకి లేపి పంపుట పిరికితనముచేత గాదు, ఆ గట్టును వారు కొలిచి చూచినందువలననే. ఇంజను అడుగున నూనె నిలుపు సంపు పగిలిన కారును నెట్టుకొనుచు పోవునప్పుడు నాలుగు వ్రేళ్ల సందు అంత వికారముగా తోచదు.

అయినను దించుటవలన నిజమైన లాభమేదియు లేదా? కలదు, దానిని ఉన్నంత మేరకే చెప్పుట న్యాయము. మలుపులో లోపలి చక్రములమీది బరువు కొంత వెలుపలి చక్రములమీదికి మరలును. ఎంత మరలునన్నది, కారు గరిమనాభి నేలనుండి ఎంత ఎత్తున నున్నది, ఎడమ కుడి చక్రముల నడుమ ఎంత ఎడమున్నది అను రెండింటి నిష్పత్తిపై ఆధారపడును. చిన్నకారు గరిమనాభి సుమారు 55 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనుకొన్న, దానిని మూడు సెంటీమీటర్లు దించుటచే ఆ మరలింపు నూటికి ఐదు పాళ్లకు కొంచెము పైన మాత్రమే తగ్గును. పందెపు బాటలో క్షణములో పదవ వంతుకై ప్రాణము పెట్టువానికి ఇది పెద్ద సంగతియే. ఆఫీసునుండి ఇంటికి వచ్చువానికి, అరిగిన టైర్లు తీసి మంచి టైర్లు వేయించుట ఇంతకంటె ఎన్నో రెట్లు ఎక్కువ పట్టునిచ్చును. కాని టైర్లను చూచి స్నేహితులు ఆగి ప్రశ్నింపరు.

ఇందులో మరియొక చిక్కున్నది. ప్రకటనలు దానిని ప్రస్తావింపవు. మలుపులో కారు శరీరము ఒక ఊహాబిందువు చుట్టు పక్కకు ఒరుగును. ఆ బిందువునకును గరిమనాభికిని గల దూరమే దానిని ఒరగద్రోయు మీట. స్ట్రట్టు కారులో చక్రమును శరీరమునకు కలుపు క్రింది ఆర్ము, చక్రమువైపు కొంచెము వాలియుండునట్లు అమర్చబడును. శరీరమును దించినప్పుడు ఆర్ము లోపలి కొన దిగును, వాలు తగ్గును. అతిగా దించినచో ఎదురువాలు సైతము ఏర్పడును. అప్పుడు ఆ ఊహాబిందువు గరిమనాభి దిగినదానికంటె ఎక్కువగా క్రిందికి జారిపోవును గనుక మీట పొడవు తగ్గుటకు మారుగా పెరుగును. అనగా, ఎత్తు తగ్గించుట ఒక్కటియే చేసిన యెడల కారు మలుపులో మునుపటికంటె ఎక్కువ ఒరుగవలెను! అట్లు ఒరగకుండుటకు కారణము కొత్త స్ప్రింగు మునుపటిదానికంటె గట్టిదై యుండుటయే. వేయించుకొనినవాడు మాత్రము ఆ గుణమంతయు దిగిన ఎత్తునకే ఆపాదించి, ఇంకొంచెము దించిన ఇంకను బాగుండునని తలచి, దోషము పెరుగు దిశగా రెండవ అడుగు వేయును. ఇంజనీరులు పందెపుకార్లను దించునప్పుడు ఆర్ము కొనలోని బాల్ జాయింటును మార్చి ఆ వాలును తిరిగి తెచ్చుట ఇందుకే.

నా దృష్టిలో అన్నిటికంటె ముఖ్యమైనది ప్రయాణదూరము. చక్రము గుంతలో పడి లేచునప్పుడు స్ప్రింగు ఎంతవరకు నొక్కుకొనగలదో అంతవరకే దాని రాజ్యము. అది ముగిసిన వెంటనే, షాకబ్జరు దండము చుట్టు తొడిగియున్న నురగరబ్బరు బంప్ స్టాపు పని ప్రారంభించును. ఆగియున్న కారులో ఆ దూరము 75 మిల్లీమీటర్లు ఉన్నదనుకొందము. 30 దించగా 45 మిగులును. స్ప్రింగు తనలోనికి తీసికొనగల శక్తి, దాని గట్టిదనమును, నొక్కుడు దూరపు వర్గమును గుణించినదానిపై ఆధారపడును. కావున 75లో మ్రింగిన దెబ్బను 45లో మ్రింగవలెనన్న కొత్త స్ప్రింగు పాతదానికి సుమారు 2.8 రెట్లు గట్టిదై యుండవలెను. అంత గట్టి స్ప్రింగు వేసిన కారులో ఎక్కిన ముసలివారు మరల ఎక్కరు గనుక, సంతలోని స్ప్రింగులు సామాన్యముగా నూటికి 20, 30 పాళ్లు మాత్రమే గట్టిగా నుండును. మిగిలిన భారమెవరు మోయుదురు? ఆ రబ్బరు ముక్కయే. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డుమీద, 158 కిలోమీటర్ల నున్నని దారిలో కారును పరీక్షించి, ఇది ఎంత కుదురుగా పోవుచున్నదని మెచ్చుకొనినవాడు, అదే కారుతో వికారాబాదు దగ్గర అనంతగిరి కొండదారిలో నడుమలుపున ఒక గుంతను తాకినప్పుడు, స్ప్రింగు అంతమై రబ్బరు తగులుటయు, తగిలిన క్షణమున ఆ చక్రము మీది బిగువు ఒక్కసారిగా పెరిగి పట్టు తప్పుటయు, కారు ముందుభాగము తాను త్రిప్పినవైపు రాక వెలుపలికి జారుటయు చూచును. మంచి తయారీదారులు స్ప్రింగులతోపాటు పొట్టి బంప్ స్టాపులను ఇచ్చుటయో, ఉన్నవానిని ఎంత కోయవలెనో కొలత వ్రాసి పంపుటయో చేయుదురు. ఆ కాగితమును చదివిన మెకానిక్కులు అరుదు; పెట్టెతోపాటు అది చెత్తబుట్టలో పడును.

ఇక షాకబ్జరు. మన మెకానిక్కులు షాకబ్జరు కారును మోయుననుకొను యజమానులను చూచి నవ్వుదురు, నవ్వదగినదే. మోయునది స్ప్రింగు, దాని ఊగులాటను అణచునది షాకబ్జరు. ఈ రెంటికిని గల నిష్పత్తిని కారును రూపొందించినవారు నెలలతరబడి నడిపి నడిపి నిర్ణయింతురు. స్ప్రింగు గట్టిదనము నూటికి 30 పాళ్లు పెరిగినప్పుడు షాకబ్జరు పట్టు నూటికి 14 పాళ్లు పెరిగిన గాని పూర్వపు నిష్పత్తి నిలువదు. యాభైవేల కిలోమీటర్లు తిరిగి అలసియున్న పాత షాకబ్జరుమీద కొత్త గట్టి స్ప్రింగును కూర్చోబెట్టిన, పట్టు పెరుగుట మాట అటుండనిచ్చి, ఉన్నదే తరిగియుండును. ఆ కారు చిన్న గతుకుకు కటువుగా తగులును, పెద్ద అలకు ఒక ఊపుతో ఆగక రెండు మూడు ఊపులు ఊగును. యజమాని దానిని స్పోర్ట్స్ కారు స్వభావమని చెప్పుకొనును.

ఈ విషయములో ఒక పాత పాఠమున్నది. మారిస్ ఓలీ అను ఆంగ్ల ఇంజనీరు రోల్స్‌రాయిస్‌లో పనిచేసి, 1930లో అమెరికాలోని క్యాడిలాకునకు పోయి, బరువులను ముందువెనుకలకు జరుపుటకు వీలుగా అమర్చిన ఒక కారుతో, మనుష్యునకు ఏ నడక సుఖమో, ఏది డోకు పుట్టించునో శ్రద్ధతో పరిశోధించినాడు. గతుకును ముందు చక్రములు మొదట తాకును, వెనుకవి ఒక క్షణము ఆలస్యముగా తాకును. అందుచేత వెనుక స్ప్రింగుల ఊపు ముందువానికంటె కొంచెము త్వరితముగా ఉన్న యెడల, వెనుకభాగము ముందుభాగమును అందుకొని రెండును కలసి లేచి కలసి దిగును, కారు తల ఊపదు అని ఆయన తేల్చినది తొంబదియేండ్ల నాటి మాట. నేటికిని అది చెల్లుబాటగుచున్నది. అయినను, ముందుభాగము వాలి కనబడవలెనన్న కోరికతో ముందు గట్టివి వేసి వెనుక పాతవానినే ఉంచువారును, రెండు వేర్వేరు కంపెనీల స్ప్రింగులను ముందొకటి వెనుకొకటి కూర్చువారును కలరు. రహదారిలో నిలకడగా తలయూపుచు పోవు దించిన కారును చూచిన, దాని లోపలివారికి మెడనొప్పి యని తెలిసికొనవచ్చును.

స్ప్రింగులు కొను సొమ్ము లేక, ఉన్నవానినే కోయించువారిని గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఆరు చుట్లలో ఒకటి కోసిన మిగిలినది నూటికి 20 పాళ్లు గట్టిపడును, నిజమే. కాని కోసిన కొన కారు క్రింది గిన్నెలో కుదురుగా కూర్చుండదు, చక్రము గాలిలో వ్రేలాడినప్పుడు చోటు తప్పును, గ్యాసుమంటతో కోసిన యెడల ఆ వేడికి ఉక్కు పదును పోయి ఒకనాడు విరుగును. పైన పటారము, లోన లొటారము. స్ప్రింగులను సవరించుట మన ప్రాంతమునకు కొత్త విద్య కాదు సుమా. విజయవాడ ఆటోనగరులోని పనివారు లారీల కమానుకట్టలకు అదనపు పట్టీలు చేర్చి బండిని ఎత్తుటలో ఆరితేరినవారు. కాని ఆ లారీ యజమాని ఎత్తించుకొనునది బరువు మోయుటకు. పట్టీ విరిగిన తన కిరాయి పోవునని అతడెరుగును గనుక పనిని దగ్గర నిలుచుండి చేయించుకొనును. అలంకారమునకై చేయించుకొనువారిలో ఆ జాగ్రత్త తక్కువ.

దగ్గర నిలుచుండి చూచిన ఏమి కనబడును? స్ట్రట్టును విప్పునప్పుడు కారును జాకీమీదనే వదలక స్టాండులపై దింపవలెను. బ్రేకు గొట్టమును, చక్రపు వేగమును పసిగట్టు ఏబీఎస్ తీగను ముందుగా విడదీయక స్ట్రట్టును లాగిన యెడల అవి తెగును. స్ట్రట్టునందు స్ప్రింగు నొక్కబడి యుండును; రెండు వైపుల కొక్కెములతో పట్టి మరలు బిగించు కంప్రెసరుతో దానిని సమముగా కుదించిన పిమ్మటనే పైనట్టును విప్పవలెను. తొందరపడి విప్పినవాని ముఖమునకు ఎదురుగా ఆ స్ప్రింగు ఎగురును. ఈ పనిలో పోయిన పండ్లు, విరిగిన వ్రేళ్లు మన షెడ్లలో ఊహాగానములు కావు. కొత్త స్ప్రింగు చివరికొన క్రింది గిన్నెలోని మెట్టునకు సరిగా ఆనవలెను; చుట్లు కొన్ని దగ్గరగాను కొన్ని ఎడముగాను ఉన్నప్పుడు ఏ కొన పైకి రావలెనో, పైన అచ్చువేసిన అక్షరములు తలక్రిందులు కాకుండ చదువ వచ్చుచున్నవో లేదో చూచిన సామాన్యముగా తెలియును. పైనుండు రబ్బరు మౌంటును బేరింగును తీసినప్పుడే పరీక్షించి, అరిగియున్న మార్చుట మేలు; లేనిచో వానికై మరల అంతయు విప్పవలసివచ్చును.

కాని నేను ప్రత్యేకముగా చెప్పదలచినది ఆర్ముల బుష్షులను గూర్చి. క్రింది ఆర్ము శరీరమును కలియు చోట ఒక రబ్బరు బుష్షు ఉండును. దాని నడుమ బోల్టును బిగించునప్పుడు ఆర్ము ఏ కోణమున నున్నదో, రబ్బరు ఆ కోణమునే తన విశ్రాంతిస్థానముగా గ్రహించును. చక్రములు వ్రేలాడుచుండగా బోల్టులు బిగించి పిమ్మట కారును నేలపై దింపిన యెడల, కారు నిలుచున్నంతసేపును రబ్బరు మెలితిరిగియే ఉండి, కొన్ని నెలలకు చీలును. కారు తన బరువుతో చక్రములమీద నిలిచిన తరువాత, క్రిందనుండి ఆ బోల్టులను వదులుచేసి మరల బిగించుట పావుగంట పని. వెనుక దూలపు బుష్షులకును ఇదే న్యాయము. షెడ్డువాడు ఈ పని చేయునో లేదో అడిగి చూడుడు. అతని ముఖమే జవాబు చెప్పును.

దించిన పిమ్మట చక్రముల కోణములు మారక మానవు. పైభాగము లోపలికి వంగును. ముందంచులు లోపలికో వెలుపలికో తిరుగును. వీల్ అలైన్‌మెంటు చేయింపక నడిపిన, పది పదునైదు వేల కిలోమీటర్లలోనే టైర్ల లోపలి అంచు తీగ కనబడునంతగా అరుగవచ్చును. వెలుపలి అంచు కొత్తదివలె ఉండుటచే అది ఎవరి కంటను పడదు. స్ప్రింగులు మొదటి కొద్దిరోజులలో ఇంకను కొంచెము క్రుంగి స్థిరపడును గనుక అలైన్‌మెంటు వెంటనే ఒకసారి, పక్షము గడచిన తరువాత మరొకసారి చేయించుట వివేకము. ముందువెనుకలు సమానముగా దిగని కారులో హెడ్‌లైట్ల వెలుగు దారి తప్పి ఎదుటివాని కన్నులలో పడును. దానిని సరిచేయుటకు ఖర్చేమియు లేదు, అయినను చేయించువారు లేరు.

నన్నడిగిన యెడల వరుస ఇది: మొదట టైర్లు, పిమ్మట అలసిన షాకబ్జర్లు, బుష్షులు, మౌంటులు, ఆపైన తనివి తీరనిచో, ఆ కారునకే రూపొందించిన స్ప్రింగులును వానికి జతపడు షాకబ్జర్లును కలిపి, పాతిక మిల్లీమీటర్లు మించని దిగుడుతో. ఇందుకగు ఖర్చు వట్టి స్ప్రింగులకగు ఖర్చునకు ఎన్నో రెట్లు. ఆ ఖర్చు పెట్టలేనివాడు కారును యథాతథముగా ఉంచుటయే మంచిది. దానిని రూపొందించినవారు మూర్ఖులు కారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర తీరమున ఫార్ములా ఈ పందెమును చూచి ఉత్సాహపడిన మన పిల్లలు, ఆ కార్లు తిరిగిన బాట పందెము కొరకు ప్రత్యేకముగా సిద్ధపరచినదని మరువరాదు.

ఇంతవరకు యంత్రధర్మము, ఇక రాజధర్మము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు మొదట నిర్దేశించినవానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమమును గట్టిగా నొక్కి చెప్పినది. అదే సంవత్సరపు సవరణ, అనుమతి లేని మార్పునకు ఆరు మాసముల వరకు ఖైదునైనను, ఒక్కొక్క మార్పునకు 5,000 రూపాయల జరిమానానైనను, రెంటినైనను విధింప వీలు కల్పించినది. ఉద్దేశము మంచిదే. కాని ఫలితమేమి? జర్మనీలో పరీక్షలు గడచిన స్ప్రింగును, చుట్టు కోసిన పాత ఇనుమును మన చట్టము ఒకే దృష్టితో చూచుచున్నది. రెండును నేరమే యైనప్పుడు, మంచిదానికి నలువదివేలు ఏల పెట్టవలెనని యువకుడు ప్రశ్నించును. పోలీసు ఆపి చూచునది సైలెన్సరు చప్పుడును, నల్లని అద్దమును. స్ప్రింగు చుట్టును చూచు తీరిక వానికి లేదు, చూచినను మంచి చెడ్డలు తేల్చు సాధనము లేదు. ప్రమాదము జరిగినప్పుడు బీమా కంపెనీ మనిషి మాత్రము వంగి చూచును. చెప్పక చేసిన మార్పు అప్పుడు వివాదమై, చెల్లింపునకు అడ్డుపడవచ్చును.

జర్మనులకు మనకంటె వేగముపై మోజు తక్కువేమియు కాదు. లోకమెల్ల ఎరిగిన రెండు స్ప్రింగు కంపెనీలు, ఐబాకును హెచ్ అండ్ ఆరును, ఆ దేశములో లెన్నె నది ఒడ్డున ఇరుగుపొరుగు పట్టణములలో నున్నవి. మొదటిది 1951లో పుట్టినది. అక్కడి నియమము ప్రకారము ఇట్టి స్ప్రింగుతో, ఏ కారునకు, ఎంత బరువు వరకు, ఏ టైర్లతో అది క్షేమమో తెలుపు పరీక్షాపత్రము వెంట వచ్చును. యజమాని స్ప్రింగులు వేయించి, అధికారము గల పరీక్షకుని యొద్దకు కారును తీసికొనిపోవును. అతడు క్రిందికి దూరి, చక్రము పూర్తిగా త్రిప్పినప్పుడు టైరు ఎచ్చటనైనను రాసికొనుచున్నదేమో చూచి, హెడ్‌లైట్ల మట్టమును కొలిచి, సంతృప్తిపడిన పిమ్మట ఆ మార్పు బండి పత్రములలోనికి ఎక్కును. కోసిన స్ప్రింగు అతని యెదుట నిలువదు. మోజును చంపక, దానిచేత పని సక్రమముగా చేయించు పద్ధతి యిది.

అది పరదేశపు సంగతి, మనకు చెల్లదందురా? మన చట్టములోనే దానికి ఆధారము కలదు. పెట్రోలు కారునకు సీఎన్‌జీ కిట్టు బిగించుట స్ప్రింగు మార్చుటకంటె వేయిరెట్లు అపాయకరమైన పని. బండిలో అధికపీడనపు గ్యాసు సిలిండరును పెట్టుట. అయినను దానిని మనము నిషేధింపలేదు. పరీక్ష గడచిన కిట్టులను మాత్రము అనుమతించి, బిగించిన తరువాత రవాణా కార్యాలయమువారు రిజిస్ట్రేషను పత్రములో వ్రాయు ఏర్పాటు చేసికొంటిమి. పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసరులోని ఐక్యాట్ వంటి పరీక్షాసంస్థలు మనకున్నవి. ఏ కారునకు ఏ స్ప్రింగు, ఏ షాకబ్జరుతో, ఎంత దిగుడు వరకు క్షేమమో పరీక్షించి పట్టిక ప్రకటించుట వారికి అసాధ్యము కాదు. పట్టికలో ఉన్నదానిని అలైన్‌మెంటు పత్రముతో సహా తెచ్చినవానికి రుసుము తీసికొని నమోదు చేయుడు. లేనిదానికి, కోసినదానికి ఇప్పటి జరిమానానే వేయుడు. కేంద్ర రవాణా శాఖవారు ఈ సవరణను ఆలోచింపవలెనని నా విన్నపము. మన రెండు రాష్ట్రముల రవాణా శాఖలును దీనిని కోరుచు ఢిల్లీకి వ్రాయవచ్చును. దానితోపాటు మున్సిపాలిటీలవారు కాలనీలలోని అట్టి గట్లను పగులగొట్టి, పుస్తకములోని కొలతతో మరల కట్టిన, దించిన కార్లకే గాక నడుము నొప్పిగల ఆటోడ్రైవర్లకును మేలు చేసినవారగుదురు.

చట్టము మారునంతవరకు ఈ పనికి పూనుకొనకుండుటయే క్షేమము. ఇదివరకే వేయించుకొనినవారు ముందుగా బీమావారికి ఆ సంగతి వ్రాసి తెలుపుడు. షెడ్డుకు పోయి బుష్షుల బోల్టులను చక్రములమీద నిలిపి బిగింపించుడు. తీసిన పాత స్ప్రింగులను, బంప్ స్టాపులను పాతసామానువానికి తూకమునకు అమ్మక, తుడిచి నూనె రాచి అటకమీద దాచుడు. కారును అమ్మునాడు కొనవచ్చినవాడు మొదట అడుగునవి అవే.